దర్శనములు, ప్రవాసము, సంఘ విచక్షణ: క్రిస్టీనా పొనియాటోవ్స్కా (1610–1644) జీవితముపై ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

సంస్కరణోద్యమ చరిత్రను మన వేదాంత కళాశాలలలో బోధించేటప్పుడు లూథరు, జ్వింగ్లీ, కాల్విన్ల తరువాత మనము సాధారణంగా ఇంగ్లాండుకు వెళ్తాము, అక్కడనుండి మిషనరీ ఉద్యమములకు వస్తాము. బొహేమియా, మొరేవియా, పోలెండు దేశముల సంఘములకు ఒక పేరా దొరికితే గొప్ప. అయితే లూథరుకు వంద సంవత్సరాలకు ముందే యాన్ హుస్ అనే బోధకుడు 1415లో కాన్‌స్టాన్స్ పట్టణములో సజీవ దహనమయ్యాడు. ఆయన అనుచరుల మధ్య 1457లో పుట్టిన ‘సహోదరుల ఐక్య సంఘము’ లూథరు తన 95 సిద్ధాంతములను ప్రకటించేనాటికే అరవై ఏళ్ల వయస్సు కలిగిన సంఘము. ఈ సంఘపు వారసులైన మొరేవియన్ల సాక్ష్యము 1738లో జాన్ వెస్లీని తాకింది. వెస్లియన్ మిషనరీల పరిచర్య తరువాతి కాలములో మెదక్ ప్రాంతములోని తెలుగు సంఘములకు పునాది వేసింది. కాబట్టి ఈ చరిత్ర మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఈ వ్యాసములో మేము ఆ సంఘమునకు చెందిన ఒక యువతి జీవితమును పరిశీలిస్తాము. ఆమె క్రిస్టీనా పొనియాటోవ్స్కా. పోలెండు దేశపు కులీన వంశములో పుట్టి, బొహేమియాలో హింసను చూచి, పదిహేడేళ్ల వయస్సులో దర్శనములు చూస్తున్నానని చెప్పి, ఒక సంఘమంతటినీ కలవరపరచిన స్త్రీ. ఆమె చెప్పినవి దేవుని మాటలా కావా అని ఆనాటి కాపరులు, వైద్యులు, వేదాంతులు వాదించుకున్నారు. ఆమె మరణించిన తరువాత కూడా ఆ వాదము చల్లారలేదు.

దర్శనము చూచాను, ప్రవచనము పొందాను అని చెప్పే సహోదరి గాని సహోదరుడు గాని లేని సంఘము నేడు మన ప్రాంతములో అరుదు. అలాంటి వ్యక్తి ముందు కాపరి ఏమి చేయాలి అనే ప్రశ్న పుస్తకాలలోది కాదు, ప్రతి ఆదివారము ఎదురయ్యేది. క్రిస్టీనా జీవితము ఈ ప్రశ్నకు సిద్ధమైన జవాబు ఇవ్వదు గాని, దానిని రెండు ప్రశ్నలుగా విడదీసి చూడడము నేర్పుతుందని మా అభిప్రాయము. చెప్పబడిన మాటను పరీక్షించడము ఒకటి, చెప్పిన మనిషిని కాయడము మరొకటి. ఈ రెండిటినీ కలిపివేస్తే రెండూ చెడిపోతాయి.

చారిత్రక నేపథ్యము

క్రిస్టీనా కాలమును అర్థము చేసుకోవాలంటే 1620 నవంబరు 8వ తేదీతో మొదలుపెట్టాలి. ఆ రోజున ప్రాగు పట్టణము వెలుపల తెల్లకొండ అనే చోట బొహేమియా ప్రొటెస్టెంట్ల సైన్యము రెండవ ఫెర్డినాండు చక్రవర్తి పక్షపు సైన్యము చేతిలో ఓడిపోయింది. బొహేమియా ప్రభువులు 1619లో రాజుగా ఎన్నుకున్న ఐదవ ఫ్రెడరిక్ దేశము విడిచి పారిపోయాడు. ఒక్క శీతకాలమే ఏలినందున చరిత్రలో అతనికి ‘శీతకాలపు రాజు’ అనే పేరు మిగిలింది. 1621 జూన్ 21న ప్రాగు పాత పట్టణపు కూడలిలో 27 మంది నాయకులకు మరణశిక్ష అమలు జరిగింది.

తరువాతి ఏడేళ్లు మెట్టుమెట్టుగా బిగుసుకున్న హింస. మొదట ప్రొటెస్టెంట్ బోధకులను వెళ్లగొట్టారు. తరువాత పట్టణ ప్రజలపై ఒత్తిడి పెట్టారు. 1627 మే నెలలో వెలువడిన నూతన రాజ్యాంగ శాసనము రోమన్ కథోలిక్ మతమును మాత్రమే క్రైస్తవ మతముగా గుర్తించింది. అదే సంవత్సరము జూలై 31న చక్రవర్తి మరొక ఆజ్ఞ ఇచ్చాడు. ప్రభువులు, కులీనులు ఆరు నెలల లోపల రోమన్ సంఘములో చేరాలి, లేదా ఆస్తులు అమ్ముకొని దేశము విడిచి వెళ్లాలి. ఈ ఆరు నెలల గడువును పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. క్రిస్టీనా దర్శనములు సరిగ్గా ఈ గడువులోనే మొదలయ్యాయి.

బొహేమియా విశ్వాసులకు దగ్గరలోని ఆశ్రయము పోలెండు. అక్కడ 1573లో వార్సాలో కులీనులు చేసుకున్న ఒప్పందము మతభేదముల కారణముగా ఒకరి రక్తమును ఒకరు చిందించకూడదని నిశ్చయించింది. లెష్నో అనే పట్టణము లెష్చిన్‌స్కీ వంశపు ప్రభువులది. వారు ప్రొటెస్టెంట్ విశ్వాసులు. సహోదరుల సంఘము అక్కడ పదహారవ శతాబ్దము నుండి నిలిచి ఉంది. 1628 నుండి వేలాది ప్రవాసులకు ఆ పట్టణమే ఇల్లయింది.

బాల్యము, కుటుంబము

క్రిస్టీనా 1610లో పోలెండు రాజుకు లోబడిన ప్రష్యాలోని వాషిన్ అనే చిన్న పట్టణములో పుట్టింది. తండ్రి యూలియన్ పొనియాటోవ్స్కీ కులీనుడు. అయితే పోలెండులో కులీనులు అంటే కోటలు, జమీలు ఉన్నవారు మాత్రమే కాదు. జనాభాలో దాదాపు పదింట ఒక వంతు వరకు ఉన్న ఆ వర్గములో పేదవారు అనేకులు. వంశనామము, గౌరవము, రాజును ఎన్నుకునే హక్కు ఉండేవి గాని చేతిలో ధనము ఉండేది కాదు. యూలియన్ ఒకప్పుడు మఠములో సన్యాసి. మఠమును విడిచి ప్రొటెస్టెంట్ విశ్వాసమును స్వీకరించి, తరువాత బొహేమియాకు వచ్చి సహోదరుల సంఘములో పరిచారకుడయ్యాడు. ఆ విధముగా క్రిస్టీనా పుట్టుకచేత పోలిష్ కులీన కన్య, పెంపకముచేత బొహేమియా కాపరి కుమార్తె.

బోధకులను వెళ్లగొట్టే కాలము వచ్చినప్పుడు యూలియన్ మొరేవియాలో కారెల్ జెరోతీన్ ప్రభువు దగ్గర ఆశ్రయము పొందాడు. జెరోతీన్ సహోదరుల సంఘస్థుడే అయినా 1618నాటి తిరుగుబాటులో చేరలేదు. అందువలన చక్రవర్తి ఆయనను కొంతకాలము సహించాడు. ఆయన తన భూములలో అనేకమంది బోధకులను దాచి కాపాడాడు. యుక్తవయస్కురాలైన కుమార్తెను మాత్రము తండ్రి ఈశాన్య బొహేమియాలోని బ్రన్నా అనే ఊరిలో ఒక ప్రొటెస్టెంట్ ప్రభువుల ఇంట, ఎంగెల్‌బుర్గా అనే ప్రభ్వి దగ్గర తోడుగా ఉంచాడు. పేద కులీనుల కుమార్తెలు పెద్ద కుటుంబములలో ఈ విధముగా ఉండడము ఆనాటి ఆచారము. 1627 శరదృతువులో ఆమె అక్కడ చేరింది. తండ్రి దూరములో ఉన్నాడు. ఆశ్రయమిచ్చిన ఆ ఇంటివారికి సైతము దేశము విడవడానికి లెక్కబెట్టిన నెలలే మిగిలి ఉన్నాయి.

దర్శనముల కాలము (1627–1629)

1627 నవంబరు నెలలో ఆమెకు తీవ్రమైన శరీర బాధలతో కూడిన పరవశ స్థితి మొదలైంది. ఆ స్థితిలో తాను చూచినవాటిని, విన్నవాటిని ఆమె చెప్పింది, వ్రాసింది. ప్రభువు తనకు పెండ్లికుమారునిగా కనబడ్డాడని చెప్పింది. ఆమె దర్శనముల సారాంశము ఇది: హింసించువారి అధికారము కూలిపోతుంది, చెదరిపోయిన సంఘము తిరిగి కూర్చబడుతుంది, ప్రవాసులు తమ దేశమునకు తిరిగి వస్తారు. దానియేలు, ప్రకటన గ్రంథముల భాష, పరమగీతము యొక్క భాష ఆమె మాటలలో కలిసిపోయాయి. కాపరి ఇంట లేఖనముల మధ్య పెరిగిన కుమార్తెకు ఆ భాష సహజమే.

1628 జనవరిలో మరొక సంగతి జరిగింది. చక్రవర్తి సేనాధిపతియైన వాలెన్‌స్టయిన్‌కు ఉత్తరము వ్రాయాలని తనకు ఆజ్ఞ అయిందని ఆమె చెప్పింది. ఆనాడు ఐరోపాలో చక్రవర్తి తరువాత అంతగా భయపడవలసిన మనిషి లేడు. అలాంటివానికి, పశ్చాత్తాపపడకపోతే దేవుని తీర్పు తప్పదని హెచ్చరిస్తూ ఒక పదిహేడేళ్ల అమ్మాయి ఉత్తరము వ్రాసింది. వాలెన్‌స్టయిన్ నివాసమున్న యిచిన్ పట్టణమునకు దానిని చేర్చారు. ఆయన ఊరిలో లేనందున ఆయన భార్యకు అందజేశారు. తరువాత ఆ సంగతి విన్న సేనాధిపతి, తన ప్రభువైన చక్రవర్తికి రోము నుండి, మద్రిదు నుండి ఉత్తరములు వస్తాయి, నాకైతే పరలోకమునుండే వచ్చిందని హాస్యమాడినట్లు చెబుతారు. ఆ ఇంటివారు ఆమెను శిక్షించలేదు, ఆమె మాటను లెక్కచేయనూ లేదు.

ఈ సంఘటనలు జరుగుతున్నప్పుడు అదే ప్రాంతములో దాగి ఉన్న బోధకులలో యాన్ ఆమోస్ కొమేనియస్ ఒకడు. విద్యాశాస్త్రమునకు పితామహునిగా నేడు లోకము గుర్తించే కొమేనియస్ ఆనాడు ముప్పై అయిదేళ్ల వయస్సున్న, ఊరు లేని, సంఘము లేని కాపరి. 1622లో భార్యను, ఇద్దరు చిన్న పిల్లలను తెగులు చేత కోల్పోయాడు. తెల్లకొండ ఓటమిలో దేవుని ఉద్దేశ్యమేమిటో తెలియక వేదనపడుతున్నవాడు. ఆయన అప్పటికే సైలీషియాకు చెందిన క్రిస్టఫ్ కోటర్ అనే తోలు పనివాని దర్శనములను చెక్ భాషలోకి అనువదించి ఉన్నాడు. 1626లో వాటి ప్రతిని హాలెండులో ప్రవాసములో ఉన్న ఫ్రెడరిక్ రాజుకు స్వయముగా అందజేశాడు కూడా. కాబట్టి క్రిస్టీనా సంగతి తెలిసినప్పుడు ఆయన తటస్థుడైన పరీక్షకుడు కాదు. అలాంటి మాట కోసము ముందే ఎదురుచూస్తున్నవాడు. ఆమె స్వంత తండ్రియైన యూలియన్ మాత్రము మొదట ఈ దర్శనములను నమ్మడానికి వెనుదీశాడు. ఆయన 1628లోనే మరణించాడు.

1628 ఫిబ్రవరిలో కొమేనియస్ కుటుంబము మంచుతో నిండిన కొండలు దాటి లెష్నో చేరింది. అదే సంవత్సరము క్రిస్టీనా కూడా అక్కడికి వచ్చింది. ప్రవాసములో ఉన్న కొమేనియస్, ఆయన రెండవ భార్య దొరోత ఆమెను తమ ఇంటికి చేర్చుకొని కుమార్తెవలె చూచుకున్నారు. లెష్నోలో దర్శనములు కొనసాగాయి. కాపరులు, వైద్యులు ఆమెను పరిశీలించారు. అయితే అభిప్రాయములు ఏకము కాలేదు. ఇది శరీర రోగము అన్నవారు ఉన్నారు. అపవాది మోసము కావచ్చునని భయపడినవారు ఉన్నారు. దేవుని ఆత్మ కార్యమే అని నమ్మినవారూ ఉన్నారు.

1629 జనవరిలో ఆమె స్థితి విషమించి, చుట్టూ ఉన్నవారు ఆమె చనిపోయిందనుకున్నారు. కొంత సమయము తరువాత ఆమె లేచింది. తన పని ముగిసిందని, ఇక దర్శనములు ఉండవని చెప్పింది. ఆ మాట నిలిచింది. పదిహేను నెలల కంటె తక్కువ కాలములో మొదలై ముగిసిన ఈ అధ్యాయము ఆమె ముప్పై నాలుగేళ్ల ఆయుష్షులో చాలా చిన్న భాగము. చరిత్రకారులు మాత్రము ఆ భాగమునే చూచారు.

గృహిణిగా క్రిస్టీనా (1632–1644)

1632లో క్రిస్టీనా వివాహము దానియేలు వెటర్‌తో జరిగింది. ఆయన సహోదరుల సంఘ పరిచారకుడు, లెష్నోలో ముద్రణాలయము నడిపినవాడు. యౌవనములో ఐస్‌లాండు దీవి వరకు ప్రయాణము చేసి, దానిని గూర్చి వ్రాసిన పుస్తకమును 1638లో ప్రచురించాడు. కొమేనియస్ పాఠ్య పుస్తకములు లోకమంతటా పేరు పొందుతున్న రోజులవి. ఆయన లాటిను భాషా బోధిని 1631లో లెష్నోలోనే వెలువడింది. అచ్చు అక్షరముల మధ్య, ప్రవాస సంఘపు పేదరికము మధ్య, క్రిస్టీనా ఇద్దరు కుమారులను, ముగ్గురు కుమార్తెలను కన్నది. 1644 డిసెంబరులో క్షయవ్యాధితో మరణించింది.

ఆమె వివాహము జరిగిన సంవత్సరమును గమనించండి. 1631 నవంబరులో సాక్సనీ సైన్యము ప్రాగును పట్టుకున్నప్పుడు ప్రవాసులలో కొందరు ఆనందముతో స్వదేశమునకు తిరిగి వెళ్లారు. దర్శనములు నెరవేరాయనే అనిపించింది. 1632 మే నెలలో ఆ సైన్యము వెనుదిరగవలసి వచ్చింది. వెళ్లినవారు మళ్లీ ప్రవాసులయ్యారు. అదే సంవత్సరము నవంబరులో స్వీడను రాజు గుస్తావస్ అడాల్ఫస్ యుద్ధరంగములో చనిపోయాడు. కొద్ది రోజుల తేడాతో ఫ్రెడరిక్ రాజు జ్వరముతో మరణించాడు. లెష్నో ప్రవాసుల రాజకీయ నిరీక్షణలు మూడు ఒకే సంవత్సరములో కూలిపోయాయి. ఆ సంవత్సరమే క్రిస్టీనా పరదేశములో కాపురము పెట్టింది.

మాట పరీక్షకు నిలిచిందా?

క్రిస్టీనా దర్శనముల విషయములో నెరవేర్పు అనే ప్రశ్నను తప్పించుకోలేము. 1634 ఫిబ్రవరి 25న వాలెన్‌స్టయిన్ తన చక్రవర్తి పక్షపు అధికారుల చేతిలోనే ఖెబ్ పట్టణములో హతుడయ్యాడు. ఆ వార్త విన్నప్పుడు క్రిస్టీనా హెచ్చరిక నెరవేరిందని చాలామంది అనుకున్నారు. ఒక గర్విష్ఠి సేనాధిపతి పతనమును హెచ్చరించడము, అది జరగడము నిజమే. అయితే ఆమె దర్శనములకు కేంద్రమైన వాగ్దానము వేరు. అది సంఘము తన స్వదేశమునకు తిరిగి రావడము. 1648లో ముప్పది సంవత్సరాల యుద్ధమును ముగించిన వెస్ట్‌ఫేలియా సంధి బొహేమియా ప్రవాసులకు తిరిగి వచ్చే హక్కు ఇవ్వలేదు. హాప్స్‌బర్గ్ వంశము కూలలేదు. 1656 ఏప్రిల్‌లో యుద్ధ జ్వాలలలో లెష్నో కూడా తగలబడిపోయింది. కొమేనియస్ దశాబ్దాలుగా కూర్చిన వ్రాతప్రతులు అనేకము బూడిదయ్యాయి.

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము ఇచ్చే పరీక్ష స్పష్టమైనది. ప్రవక్త పలికిన సంగతి జరగకపోతే అది ప్రభువు మాట కాదు. ఈ కొలతబద్దను పెట్టినప్పుడు క్రిస్టీనా దర్శనముల ప్రధాన వాగ్దానము నిలువలేదని మేము ఒప్పుకొనక తప్పదు. దానిని ఆత్మీయార్థములోకి మార్చి కాపాడడము సులభమే గాని న్యాయము కాదు. ఆనాటి ప్రవాసులు దానిని ఆత్మీయార్థములో వినలేదు, తమ ఇండ్లకు, పొలములకు, ప్రార్థనాలయములకు తిరిగి వెళ్తామని విన్నారు.

అయితే కొమేనియస్ ఆ ఒప్పుకోలు చేయలేదు. తన తరములో అంతటి మేధావి మరొకడు అరుదు. 1629లోనే నిజ ప్రవక్తలు, అబద్ధ ప్రవక్తలను గూర్చి ఒక గ్రంథము వ్రాసినవాడు. అయినా 1657లో ఆమ్‌స్టర్‌డాములో, అంటే క్రిస్టీనా చనిపోయిన పదమూడేళ్ల తరువాత, కోటర్, క్రిస్టీనా, మికులాష్ ద్రాబిక్ అనే ముగ్గురి దర్శనములను లాటిను భాషలో ‘చీకటిలో వెలుగు’ అనే పేరుతో ప్రచురించాడు. ద్రాబిక్ ఒకప్పుడు సహోదరుల సంఘ బోధకుడు, హంగేరీలో ప్రవాసి. లెష్నోలోనే పుట్టి ఫ్రానెకర్‌లో వేదాంత ఆచార్యుడైన నికొలాస్ ఆర్నాల్డ్ 1659లో దీనిని ఖండిస్తూ వ్రాశాడు. శతాబ్దాంతమున పియెర్ బేల్ తన ప్రసిద్ధ నిఘంటువులో కొమేనియస్‌ను పరిహసించాడు. ఆ పరిహాసము వలన ఆయన విద్యా గ్రంథముల గౌరవము కూడా చాలాకాలము మసకబారింది. ద్రాబిక్ ముగింపు మరింత ఘోరము. 1671 జూలై 16న ప్రెస్‌బర్గ్ పట్టణములో రాజద్రోహ నేరముపై ఆ ముసలివానికి మరణశిక్ష విధించి, ఆయన వ్రాతలను కాల్చివేశారు.

వేదాంత పరిశీలన

ఈ చరిత్రను యిర్మీయా గ్రంథపు 28, 29 అధ్యాయముల వెలుగులో చదవాలని మేము ప్రతిపాదిస్తున్నాము. 28వ అధ్యాయములో హనన్యా అనే ప్రవక్త ఆలయములో నిలిచి, రెండేళ్లలోపల బబులోను కాడి విరుగుతుంది, చెరపట్టబడినవారు తిరిగి వస్తారు అని ప్రకటిస్తాడు. ప్రజలు కోరుకున్న మాట అది. యిర్మీయా మొదట ఆమేన్ అంటాడు. తన జనులు తిరిగి రావాలని ఆయనకూ ఆశ ఉంది. కాని ఆశ వేరు, ప్రభువు మాట వేరు. 29వ అధ్యాయములో యిర్మీయా ప్రవాసులకు ఉత్తరము వ్రాస్తాడు. ఇండ్లు కట్టుకోమని, తోటలు నాటమని, వివాహములు చేసుకొని పిల్లలను కనమని, తాము ఉన్న పట్టణపు క్షేమము కోసము ప్రార్థించమని చెబుతాడు.

క్రిస్టీనా దర్శనములు 28వ అధ్యాయపు స్వరములో పలికాయి. ఆమె తరువాతి జీవితము 29వ అధ్యాయమునకు విధేయత చూపింది. ఆమె వివాహము చేసుకుంది, అయిదుగురు పిల్లలను కన్నది, పరదేశపు పట్టణములో సంఘ పరిచారకుని ఇంటిని నిలబెట్టింది. సంఘము జ్ఞాపకముంచుకున్నది మొదటి దానిని. నిజానికి సంఘమును నిలిపినది రెండవది. లెష్నో ప్రవాసులు త్వరలో వెళ్లిపోతామని కేవలము మూటలు కట్టుకొని కూర్చుంటే ఏమీ మిగిలేది కాదు. వారు పాఠశాలలు నడిపారు, పుస్తకములు ముద్రించారు, పిల్లలకు తమ విశ్వాసమును అప్పగించారు. కొమేనియస్ మనుమడైన దానియేలు ఎర్నెస్ట్ యాబ్లోన్‌స్కీ బెర్లినులో రాజాస్థాన బోధకుడై, 1735లో పునరుద్ధరించబడిన మొరేవియన్ సంఘపు మొదటి బిషప్పును అభిషేకించాడు. సంఘము బ్రతికింది. అయితే దర్శనములు చెప్పిన మార్గములో కాదు.

ఇక్కడ రెండు విషయములను జాగ్రత్తగా చెప్పాలి. మొదటిది, క్రిస్టీనాను హనన్యాతో సమానము చేయడము మా ఉద్దేశ్యము కాదు. హనన్యా రాజు పక్షమున, ఆలయములో, జనుల మెప్పు మధ్య నిలిచి పలికాడు. క్రిస్టీనా ఇల్లు కోల్పోయిన పదిహేడేళ్ల అమ్మాయి. తన మాటల వలన ఆమె ధనము గాని పదవి గాని సంపాదించుకోలేదు. దర్శనములు ఆగినప్పుడు ఆగాయని చెప్పింది, కొనసాగినట్లు నటించలేదు. ఇది ఆమె యథార్థతకు బలమైన సాక్ష్యము. యథార్థముగా మాట్లాడిన వ్యక్తి సైతము పొరబడవచ్చును. సంఘము ఈ మాటను చెప్పగలగాలి. పొరపాటును మోసమని పిలవకుండా, యథార్థతను ప్రవచనమని పిలవకుండా ఉండడమే విచక్షణ.

రెండవది, ఆమె మాటలు మనకు ప్రధానముగా కొమేనియస్ అనువాదము, సంపాదకత్వము ద్వారా చేరాయి. తన సంఘము ఎందుకు నలిగిపోయింది అనే ప్రశ్నకు జవాబు వెదుకుతున్న మనిషి ఆయన. 1657లో పోలెండుపై స్వీడను యుద్ధము సాగుతున్నప్పుడు ఆమె చిన్ననాటి మాటలు రాజకీయ అస్త్రములయ్యాయి. ఆ మాటలను అలా వాడవచ్చునా అని అడగడానికి ఆమె బ్రతికి లేదు. ఒక విశ్వాసి బలహీన ఘడియలో పలికినదానిని తీసుకొని, ఆ విశ్వాసి దాటివచ్చిన తరువాత కూడా దానిని తమ అవసరముల కోసము ప్రకటించడము నాయకులు చేయగల అన్యాయము. నాయకులు మంచివారైతే అది అన్యాయమని ఎవరికీ తోచకపోవచ్చును కూడా.

కాపరి పరిచర్యకు సూచనలు

ఈ పరిశీలన నుండి మూడు సూచనలు కాపరుల ముందు ఉంచుతున్నాము.

మొదట, మాటను పరీక్షించండి. 1 థెస్సలొనీకయులకు 5వ అధ్యాయములో ప్రవచనములను తృణీకరించవద్దు అనే హెచ్చరిక, సమస్తమును పరీక్షించాలి అనే ఆజ్ఞ ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నాయి. 1 కొరింథీయులకు 14వ అధ్యాయము ఆ పరీక్షను ఒక్కరికి అప్పగించలేదు. లెష్నోలో సంఘము కూడి పరిశీలించడము మంచిది. కాని ఆ మాట తనకు అవసరమైన వ్యక్తియే ఆ మాటకు ప్రధాన సాక్షి కావడము ప్రమాదము. దర్శనము మన ఆశకు, మన పక్షమునకు, మన పగకు అనుకూలముగా ఉన్నప్పుడే దానిని రెండింతలు పరీక్షించాలి. మనకు నచ్చని ప్రవచనమును పరీక్షించడానికి ఎవరికీ ప్రోత్సాహము అక్కరలేదు.

రెండవది, మనిషిని కాయండి. ఈ ముగ్గురి జీవితములను ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. కోటర్ 1627లో చెరసాలకు, బహిరంగ అవమానమునకు గురయ్యాడు. ద్రాబిక్ వధ్యస్థలములో చనిపోయాడు. క్రిస్టీనా మాత్రము ఇంటిలో, భర్త పిల్లల మధ్య కన్ను మూసింది. రాజకీయ పరిస్థితులలో తేడా ఉన్న మాట నిజమే. అయినా వారిలో ఆమెకే ఒక ఇల్లు దొరికింది. దొరోత పెట్టిన అన్నము, వైద్యుల రాకపోకలు, రోగి మంచము ప్రక్కన కూర్చున్నవారి ఓపిక ఆమెను నిలబెట్టాయి. కొమేనియస్ వేదాంతిగా ఈ విషయములో తప్పటడుగు వేశాడని మనము అనవచ్చును, పెంపుడు తండ్రిగా ఆయన చేసినది గొప్ప కాపరి పని. మన సంఘములలో ఉపవాస కూటములలో పడిపోయే, రాత్రులు నిద్రలేక స్వరములు వింటున్నానని చెప్పే సహోదరిని వేదిక ఎక్కించేవారు ఉన్నారు, దయ్యము పట్టిందని కొట్టేవారూ ఉన్నారు. ఆమె తిన్నదా, ఆమె ఇంట్లో ఏమి జరుగుతోంది, ఆమెను వైద్యునికి చూపించామా అని అడిగేవారు కావాలి. దూరమునుండి, నాలుగు శతాబ్దాల తరువాత, క్రిస్టీనా రోగమునకు పేరు పెట్టడము మా పని కాదు. ఆమె కాలపు కాపరులు వైద్యులను పిలవడము అవిశ్వాసమని అనుకోలేదని మాత్రము గుర్తు చేస్తున్నాము.

మూడవది, దర్శనము ముగిసిన తరువాతి జీవితమును గౌరవించండి. ఒకసారి ప్రవచించిన స్త్రీని ఎల్లప్పుడూ ప్రవచించమని కోరే సంఘము ఆమెను అబద్ధమునకు ప్రేరేపిస్తుంది. క్రిస్టీనా తన పని ముగిసిందని చెప్పగలిగింది, ఆ మాటను చుట్టూ ఉన్నవారు అంగీకరించారు. ఆమె భార్యగా, తల్లిగా గడిపిన పన్నెండేళ్లు ఆత్మీయతలో దిగజారుడు కాదు. యిర్మీయా 29 ప్రకారము ప్రవాసిని చేయవలసిన పరిచర్య అదే.

ముగింపు

క్రిస్టీనా పొనియాటోవ్స్కా పేరు చరిత్ర పుస్తకములలో కనబడితే ఎక్కువగా కొమేనియస్ బలహీనతకు ఉదాహరణగానే కనబడుతుంది. విమర్శకులు ఆమెను మతిచెడిన స్త్రీగా, అభిమానులు ప్రవక్త్రిగా చూచారు. ఈ రెండు చూపులలోనూ ఆమె జీవితములోని పదిహేను నెలలు తప్ప మిగతా సంవత్సరములు కనబడవు. ఆమె చక్రవర్తి ఆజ్ఞ గడువులో చిక్కుకున్న కాపరి కుమార్తె, తండ్రిని కోల్పోయిన అనాథ, మరొకరి ఇంట కుమార్తెగా చేర్చుకొనబడిన ప్రవాసిని, అయిదుగురు పిల్లల తల్లి.

ఆమె చూచిన దర్శనములు కోరిన దేశమును ఆమె తిరిగి చూడలేదు. ఆమె సంఘము కూడా ఆ తరములో చూడలేదు. బొహేమియాలో ప్రొటెస్టెంట్లకు ఆరాధనా స్వేచ్ఛ 1781లో గాని రాలేదు, అప్పుడు కూడా లూథరన్, సంస్కృత సంఘములకే వచ్చింది. నెరవేరని వాగ్దానముతో బ్రతకడము ఎలాగో లెష్నో ప్రవాసులు నేర్చుకోవలసి వచ్చింది. వారిలో క్రిస్టీనా ఆ పాఠమును వాదములతో కాక, దినదిన జీవితముతో నేర్చుకుంది. మన సంఘములలో దర్శనము చూచానని రేపు ఒక సహోదరి మన ముందు నిలిచినప్పుడు, ఆమె మాటను లేఖనముతో తూచే ధైర్యము, ఆమెను కుమార్తెవలె చేర్చుకునే ప్రేమ, రెండూ కాపరి దగ్గర ఉండాలి. ఒకటి ఉండి రెండవది లేని పరిచర్య ఎంత నష్టము చేయగలదో ఈ చరిత్ర చూపిస్తోంది.